గోడ దాటిన వెలుగు

శవం లైటు స్తంభం కింద దొరికింది.

బోర్లా పడి ఉంది. తల వెనక చితికింది. స్తంభానికి బిగించిన స్విచ్ పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది. పైన ఫ్లడ్‌లైట్ వెలగడం లేదు. చుట్టూ పేర్చిన దూలాలు, నేలంతా రంపపు పొట్టు, ఆ పొట్టులోకి ఇంకిపోయిన నెత్తురు.

పోయినవాడు కలప డిపో యజమాని. ముందు ఇల్లు, వెనక డిపో. పోయింది ఇంటి పెరట్లోనే.

ఇదంతా ఇన్‌స్పెక్టర్ ఫోటోల్లో చూస్తోంది. ఆవిడ సెలవులో ఉండగా జరిగిన ఘోరం ఇది. ఈ ఉదయం డ్యూటీలో చేరేసరికి కేసు వండి వార్చి బల్ల మీద పెట్టి ఉంది.

"మీ సంతకం ఒక్కటే తక్కువ మేడమ్," అన్నాడు ఎస్సై. "సాయంత్రం లోపల పెట్టేస్తే రేపు కోర్టుకి పంపేస్తాం."

ఎస్సై చెడ్డవాడు కాదు. తొందర మనిషి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు మాత్రం పెట్టేసే రకం.

"చంపిందెవరు?"

"పక్కింటి బస్సు డ్రైవరు. లాకప్‌లో ఉన్నాడు."

"ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోలేదు. ఒప్పుకునేదేముంది మేడమ్? చంపుతానని నలుగురి ముందూ అన్నాడు."

గొడవంతా ఆ ఫ్లడ్‌లైట్ గురించి. తెల్లవార్లూ వెలుగుతుంది. వెలుగు డిపోలో ఆగదు. గోడ దాటి, డ్రైవర్ పడకగది కిటికీలోంచి దూరి, తిన్నగా అతని మొహం మీద పడుతుంది. వారంలో నాలుగు రోజులు అతను తెల్లవారుజామునే బస్సు తియ్యాలి. నిద్ర లేదు. ఓసారి స్టీరింగ్ మీదే కునుకు పట్టింది. బస్సు నిండా జనం. డివైడర్ని రాసుకుని ఆగింది కాబట్టి సరిపోయింది.

ఊళ్ళో ఈ మధ్యే ఒక రూలు పెట్టారు. ఆరుబయట లైటు ఎవరి హద్దులో వాళ్ళకే వెలగాలి. పైన కప్పు ఉండాలి, మొహం నేలకేసి ఉండాలి. గోడ అవతల మీటరు పెట్టి కొలిస్తే ఒక లక్సు దాటకూడదు. డ్రైవర్ మొరపెట్టుకుంటే మునిసిపల్ ఆఫీసు నుంచి లైటు ఆఫీసర్ వచ్చి కొలిచాడు. పదకొండు లక్సులు తేలింది.

"లక్సా? సబ్బుల ఆఫీసరా అతను?" అన్నాడు పక్కనే నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్. ఎవరూ నవ్వలేదు. హెడ్డు తన మానాన తను నవ్వుకున్నాడు.

లైటు మొహం వారంలోగా కిందికి దించమని ఆఫీసర్ డిపో యజమానికి చెప్పాడు. ఆయన పగలబడి నవ్వాడట. "వెలుగుకి గోడలేమిటయ్యా? సూర్యుడికి కూడా నోటీసు ఇస్తావా?" అన్నాడట.

డ్రైవర్‌కి ఒళ్ళు మండింది. "లైటు నువ్వు ఆర్పుతావా, నిన్నే ఆర్పెయ్యమంటావా?" అన్నాడు. ఆ మాట ఆఫీసర్ విన్నాడు. డిపో యజమాని బావమరిది విన్నాడు. మూడోనాటికి శవం లేచింది.

"చూసినవాళ్ళున్నారా?"

"ఆ బావమరిదే. డిపో లెక్కలన్నీ అతనే చూస్తాడు. రాత్రి పదిన్నరకి ముందు గదిలో ఉన్నాడు. అంతవరకూ వెనక లైటు వెలుగుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆరిపోయింది. బావ కేక వినిపించింది. టార్చి పట్టుకుని పరుగెత్తాడు. బావ కింద పడి ఉన్నాడు, డ్రైవర్ గోడెక్కి అటు దూకుతున్నాడు. ఆ తరవాత మనకి ఫోన్ చేశాడు."

"ఆయన భార్య?"

"ఆవిడదీ అదే మాట. లైటు ఆరిందని పదిన్నరకే ఆయన పెరట్లోకి వెళ్ళాడంది."

"డ్రైవర్ ఏమంటాడు?"

"ఆ రోజు సాయంత్రం షిఫ్టు. తొమ్మిదీ నలభైకి బస్సు అప్పజెప్పి పదింటికి ఇల్లు చేరాడు. అప్పటికే చీకటిగా ఉందంటాడు. తిని పడుకున్నాడట."

"అతనికి సాక్ష్యం?"

"తల్లి. తొమ్మిది దాటినప్పట్నుంచీ లైటు లేనే లేదని ఆవిడ అబద్ధం." ఎస్సై వేలెత్తాడు. "అక్కడే దొరికిపోయింది మేడమ్. అదే రాత్రి తొమ్మిదీ ఇరవైకి ఆవిడే లైటు ఆఫీసర్‌కి ఫోన్ చేసింది, లైటు ఇంకా పైకెక్కించారని. లేని లైటుని పైకెలా ఎక్కిస్తారు?"

డిపోకి ఒక పక్క గోడౌన్ గోడ, వెనక కాలవ గట్టు. ఆ వెలుగు పడేది డ్రైవర్ ఇంట్లోకే. ఇంకెవర్నీ అడిగే దారి లేదు.

"డాక్టరు?"

"దుంగలాంటి దానితో కొట్టారన్నాడు. వెంటనే ప్రాణం పోలేదు, కొంతసేపు ఉండి ఉంటుందన్నాడు. పది నిమిషాలైనా కొంతసేపే కదా మేడమ్."

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తియ్యలేదు. లేచి లాకప్ వైపు నడిచింది.

డ్రైవర్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళ కింద గుంటలు. ఆవిణ్ణి చూసి లేచాడు.

"గోడ దూకావా?"

"లేదు మేడమ్."

"నువ్వొచ్చేసరికి లైటు?"

"లేదు."

"ఏమైనా చూశావా? విన్నావా?"

డ్రైవర్ తల దించుకున్నాడు. కాస్త ఆగి, "లేదు మేడమ్," అన్నాడు.

"చూశారా, నీళ్ళు నములుతున్నాడు," అన్నాడు ఎస్సై.

నమిలాడు, నిజమే. ఆవిడా చూసింది. కానీ నీళ్ళు నమిలిన ప్రతివాడూ హంతకుడైతే ఊళ్ళో సగం మంది లాకప్‌లోనే ఉండాలి.

బయట వరండాలో బెంచీ మీద డ్రైవర్ తల్లి కూర్చుని ఉంది. నాలుగు రోజులుగా పొద్దున వచ్చి చీకటి పడ్డాక వెళుతోందని హెడ్డు చెప్పాడు. వినికిడి తక్కువ. ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుని చెవి దగ్గరగా అడిగింది.

"పెద్దమ్మా, లైటు ఆఫీసర్‌కి ఫోన్ చేశారా?"

"చేశాను తల్లీ. ఆ ఫోనే నా కొడుకు మెడకి ఉరైంది. ముందూ వెనకా నాకు వాడొక్కడే. వాణ్ణి జైల్లో పెట్టేస్తే నేను బతికుండి ఎవరికోసం?"

"కంప్లయింట్ ఇవ్వడానికేనా చేసింది?"

"కంప్లయింటెందుకమ్మా? పని అయిపోయాక కూడానా? ఆ అబ్బాయిని చల్లగా ఉండమని దీవించాను. ఆ పైన అతనేదో అన్నాడు. నాకు వినపడి చావదు. పెట్టేశాను."

ఎస్సై నవ్వాడు. "దీవించడానికి ఫోన్ చేసిందట!"

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. కన్నతల్లి కొడుకు కోసం అబద్ధమాడుతుంది, అది లోకంలో ఉన్నదే. అయితే అబద్ధమాడేవాళ్ళు నమ్మదగ్గ అబద్ధం ఆడతారు. ఇంత వెర్రిమాట ఎవరు కల్పిస్తారు?

డిపోకి వెళ్ళేసరికి పన్నెండు దాటింది. బావమరిది ఎదురొచ్చాడు. నున్నగా దువ్విన తల, మర్యాదగల మనిషి.

"నిచ్చెన కావాలి," అంది ఇన్‌స్పెక్టర్.

"నిచ్చెనెందుకు మేడమ్? ఇంకా ఏం వెతుకుతున్నారు? దొంగ దొరికాడుగా."

"దొంగా? మనం వెతికింది హంతకుణ్ణి కదండీ."

"అదేలెండి. మాట తొందర," అని బావమరిది నిచ్చెన తెప్పించాడు.

హెడ్డు నిచ్చెన వంకా తన పొట్ట వంకా చూసుకున్నాడు. "నేనెక్కితే నిచ్చెన చావుకి ఇంకో కేసు రాయాలి మేడమ్," అన్నాడు. ఇన్‌స్పెక్టరే ఎక్కింది.

ఫ్లడ్‌లైట్‌ని స్తంభానికి రెండు బోల్టులు పట్టుకుని ఉన్నాయి. రెండూ తుప్పు పట్టి ఉన్నాయి. వాటిని కలుపుతూ కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది. గూడు ఎండి రాయైపోయింది. ఎక్కడా చెక్కు చెదరలేదు. ఆ బోల్టుల్లో ఏది తిప్పినా గూడు రాలిపోవాలి.

అంటే ఈ లైటు నెలల తరబడి అంగుళం కూడా కదల్లేదు. మరి పైకెక్కించారన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?

దిగబోతూ పైనుంచి డిపో అంతా ఒకసారి చూసింది. పొట్టంతా పాతబడి బూడిదరంగుకి తిరిగింది. వెనక గేటు దగ్గర మాత్రం రెండు బారల మేర పచ్చగా, కొత్తగా ఉంది. దిగి వెళ్ళి ఆ పొట్టుని బూటుతో పక్కకి తోసింది. కింద లోతుగా లారీ చక్రాల గాడి. గేటు గడియకి అప్పుడే పూసినట్టు గ్రీజు.

"ఈ గేటు వాడతారా?"

"ఎప్పుడోగాని వాడం మేడమ్. కాలవ గట్టు కదా," అన్నాడు బావమరిది. ఎండగానే ఉంది, నిజమే. కానీ అతనికి పట్టిన చెమట ఎండకి పట్టింది కాదు.

ఇన్‌స్పెక్టర్ ఇంకేమీ అడగలేదు. జీపెక్కి మునిసిపల్ ఆఫీసుకి పొమ్మంది.

లైటు ఆఫీసర్ నిండా పాతికేళ్ళు లేనివాడు. బల్ల నిండా మీటర్లు, పగిలిన బల్బులు. పోలీసుల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఆ రాత్రి పెద్దావిడ ఫోన్ చేసింది కదా. ఏమంది?"

"లైటు ఎత్తు పెంచారని కంప్లయింట్ మేడమ్. ఎంత పెంచారని అడిగాను. పెట్టేసింది. పైగా వెటకారం చేసింది."

"వెటకారమా?"

"'చల్లగా ఉండు నాయనా' అంది. నా వల్ల పని కాలేదని దెప్పుతోందనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ముందుకు లాక్కుంది. "ఎత్తు పెంచారని ఆవిడే అందా, నీ మాటా అది?"

"అర్థం అదే మేడమ్."

"అర్థం నాకొద్దు. ఆవిడ అన్న మాట అన్నట్టు చెప్పు. అక్షరం మారకూడదు."

కుర్రాడు కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. చెప్పాడు.

హెడ్డు నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఎత్తింది, మాట్లాడొద్దని.

"నాలుగింటికి డిపో దగ్గరికి రా," అంది కుర్రాడితో. "ఇదే మాట అక్కడ ఇంకోసారి చెబుదువుగాని."

నాలుగింటికి డిపో ముందు గదిలో అందరూ చేరారు. డిపో యజమాని భార్య కుర్చీలో బొమ్మలా కూర్చుంది. బావమరిది అక్క వెనక నిలబడ్డాడు. డ్రైవర్ తల్లిని హెడ్డు తీసుకొచ్చాడు. డ్రైవర్‌ని బేడీలతో ఎస్సై తెచ్చాడు.

"చెప్పు," అంది ఇన్‌స్పెక్టర్ లైటు ఆఫీసర్‌తో.

"ఆవిడ ఏమన్నారంటే... 'పక్కింటి దీపం కొండెక్కింది నాయనా, నువ్వు చల్లగా ఉండాలి' అన్నారు."

ఎస్సై మొహంలో రంగు మారింది.

"దీపం కొండెక్కిందంటే ఏమిటనుకున్నావయ్యా?" అంది ఇన్‌స్పెక్టర్.

"లైటు పైకెక్కించారని. కొండంత ఎత్తుకి అని."

"మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఆ మాట అనగా వినలేదా?"

"చిన్నప్పట్నుంచీ హాస్టల్ చదువు మేడమ్."

ఇన్‌స్పెక్టర్ పెద్దావిడ చెవి దగ్గర వంగింది. "పెద్దమ్మా, దీపం ఆరిపోతే ఏమంటారు?"

"అయ్యో, ఆ మాట అనకూడదమ్మా. కొండెక్కిందనాలి. కరెంటు లైటయితే మాత్రం? అదీ దీపమేగా. నా నోట ఆ మాట రాదు."

లైటు ఆఫీసర్ తల పట్టుకున్నాడు. "మేడమ్, నేను... నేను మంచి మాటని కంప్లయింట్ చేశానా?"

"చేశావు. చేసి ఆవిణ్ణి అబద్ధాలకోరుని చేశావు. నీ మాట పట్టుకుని మేం ఆవిడ కొడుకుని కటకటాల్లో పెట్టాం." ఇన్‌స్పెక్టర్ ఎస్సై వైపు చూడకుండానే అంది. ఎస్సై నేల చూపులు చూశాడు. "ఆ రాత్రి తొమ్మిదీ ఇరవైకి ఈ డిపోలో లైటు లేదు. హత్య సంగతి లోకానికి తెలియకముందే ఆవిడ ఆ ముక్క చెప్పింది. ఆ సమయానికి డ్రైవర్ ఎక్కడున్నాడు? ఊరికి ఆ చివర, బస్సు నిండా జనాన్ని పెట్టుకుని నడుపుతున్నాడు. మరి పదిన్నర దాకా లైటు వెలిగిందని మనకి చెప్పిందెవరు?"

అందరి చూపులూ ఒకేవైపు తిరిగాయి.

"ముసలావిడ ఏదో వాగితే అదొక సాక్ష్యమా?" అన్నాడు బావమరిది.

"లైటు వెలుగుతుంటే వెనక గేటులోంచి లారీకి సరుకు ఎక్కించడం కుదరదు. అందుకని ఆర్పారు. గేటు చప్పుడు కాకుండా గ్రీజు పూశారు. చక్రాల గాడి కనపడకుండా కొత్త పొట్టు చల్లారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీ బావ పట్టుకున్నాడు. పట్టుకున్నందుకే పోయాడు." ఇన్‌స్పెక్టర్ ఆ భార్య ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "అమ్మా, మీ ఆయన ఎన్నింటికి పెరట్లోకి వెళ్ళారు?"

"అక్కా, చెప్పు. పదిన్నరకని చెప్పు," అన్నాడు తమ్ముడు.

ఆవిడ తల తిప్పి తమ్ముణ్ణి చూసింది. చాలాసేపు చూసింది.

"తొమ్మిదింపావుకి," అంది.

"అక్కా!"

"వంటింటి కిటికీ చీకటైంది. ఆయన అన్నం ముందు నుంచి లేచారు. తిని వెళ్ళండి అన్నాను. వినలేదు. ఎప్పుడూ అంతే కదా, డిపోలోకి వెళితే ఒక పట్టాన రారు. కంచం మీద మూత పెట్టి కూర్చున్నాను." ఆవిడ గొంతులో తడి లేదు. "డ్రైవర్ తప్పించుకుంటాడు, నేను చెప్పిన టైమే చెప్పక్కా అన్నాడు వీడు. ఆయనకి న్యాయం జరగాలని చెప్పాను. ఆయన్ని చంపినవాడి కోసం చెప్పానా నేను?"

బావమరిది గోడకి జారగిలబడ్డాడు. "చంపాలని కాదక్కా. నీ మీద ఒట్టు. లారీకి అడ్డం నిలబడ్డాడు. నీతో చెబుతానన్నాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. చేతిలో దుంగ ఉంది. ఒక్కటే దెబ్బ."

"నువ్వు లారీ ఎక్కేటప్పటికి ప్రాణం ఉందా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

అతను చేతుల్లో మొహం దాచుకున్నాడు. "మూలుగుతున్నాడు. సరుకు దింపి పదిన్నరకి వచ్చాను. అప్పటికి పోయాడు."

భార్య లేచి లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు రెండుసార్లు పిలిచాడు. తలుపు మూసుకుంది.

ఎస్సై డ్రైవర్ బేడీలు తీశాడు.

స్టేషన్‌లో కాగితాల పని అయ్యేసరికి సాయంత్రమైంది. డ్రైవర్ చెప్పులూ గడియారమూ ఇచ్చేశారు. ఇక వెళ్ళొచ్చన్నారు. అతను కుర్చీలోంచి లేవలేదు.

"మేడమ్, డాక్టరేమన్నాడు? దెబ్బ తగిలాక ఆయన ఎంతసేపు ఉన్నాడు?"

ఇన్‌స్పెక్టర్ మధ్యాహ్నమే డాక్టర్‌తో మాట్లాడింది. "గంట పైనే ఉండొచ్చన్నాడు."

"అంటే పదింటికి..."

"బతికే ఉండొచ్చు."

డ్రైవర్ తన అరచేతులు చూసుకున్నాడు. "నాకు వినపడింది మేడమ్. అమ్మకి వినపడదు. నాకు వినపడింది. వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. చీకటి. ఎన్ని నెలలకో చీకటి. ప్రాణం లేచొచ్చింది. అంతలో గోడ అవతల మూలుగు. మనిషి మూలుగే. తెలుసు నాకు. తాగి పడ్డాడేమో అనుకున్నాను. కాదని తెలుసు, అయినా అలాగే అనుకున్నాను. వెళ్ళి చూస్తే లైటు వేస్తారు. మళ్ళీ వెలుగొస్తుంది." అతను అరచేతులు మూసుకున్నాడు. "కిటికీ రెక్క వేసుకుని పడుకున్నాను. ఒళ్ళెరక్కుండా నిద్ర పట్టింది. మీవాళ్ళు వచ్చి తలుపు కొడితేగాని మెలకువ రాలేదు."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే చంపింది నేనే అంటారని. ఇప్పుడు చెప్పక ఎలా ఉండను? ఒక్క కేక వేసి ఉంటే బతికేవాడా మేడమ్?"

"చెప్పలేను," అంది ఇన్‌స్పెక్టర్. అబద్ధం ఆడాలనిపించింది. నోరు రాలేదు.

"దీనికి ఏ సెక్షన్ పెడతారు?"

"ఏ సెక్షనూ లేదు. ఇంటికి వెళ్ళు. మీ అమ్మ కూర్చుని ఉంది."

డ్రైవర్ లేచి బయటికి నడిచాడు. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

తల్లి బెంచీ మీంచి లేచి కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళ కింద గుంటలు బొటనవేళ్ళతో తడిమింది. తనకి వినపడదు కాబట్టి లోకానికంతా వినపడేలా మాట్లాడింది.

"ఇంక ఆ బాధ లేదురా నాయనా. ఇవాళ్టి నుంచి నిన్ను లేపేవాళ్ళు లేరు. హాయిగా పడుకో."

డ్రైవర్ తల ఊపాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.